ధాన్యపుగోడయు శౌర్యపతకమును

శాసనములను పరిశోధించువారికి ప్రశస్తిభాగమును చదువు పద్ధతి తెలిసినదే. రాజు గెలిచిన యుద్ధములు, పొందిన బిరుదములు అందు వరుసగా నుండును. ఆ వాక్యములను అబద్ధములని త్రోసివేయరాదు. అట్లని ఉన్నవి యున్నట్లు గ్రహింపను రాదు. ఏ మాటను ఎవరు వ్రాయించిరి, ఏ మాట ఎచ్చటినుండి వచ్చి చేరినది, దేనిని విడిచిరి అని విచారింపవలెను. ఆధునిక సైన్యములు శౌర్యపతకముల నిచ్చునపుడు గెజెటులో ప్రకటించు చిన్న ప్రశస్తులను గూడ ఇట్లే చదువవచ్చునని మా యభిప్రాయము. అందులకు ఉదాహరణముగా, 1879లో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ అను రేవుకడ జరిగిన పోరాటమున విక్టోరియా క్రాస్ పొందిన జేమ్స్ లాంగ్లీ డాల్టను అను సరఫరా యుద్యోగి విషయమును గైకొనుచున్నాము. ఆ రాత్రి అతనితోపాటు సరఫరా కొలువువారు మఱి ముగ్గురు అచ్చట నుండిరి. నలుగురికిని నాలుగు విధములైన ఫలితము కలిగినది. ఆ భేదమునకు కారణమేమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

సైన్యమునకు తిండి సమకూర్చువారిని చరిత్రకారులు తలచుట యరుదు. మన దేశమున దండు నడచిన దారిలోని ప్రతి గ్రామమును 'రసదు' అను మాటను ఎఱుగును. రసదు తెచ్చినవారి పేళ్లు మాత్రము మిగులలేదు. 1791-92లో కారన్‌వాలిసు టిప్పు సుల్తానుపై నడచినప్పుడు ఎద్దులమీద ధాన్యము మోయించుకొని వచ్చి ఆ సైన్యమును నిలబెట్టినవారు లంబాడీలు. శ్రీరంగపట్టణపు ముట్టడిని గూర్చి వ్రాసినవారు ఫిరంగులకు పుటలు కేటాయించిరి, ఎద్దులకు పంక్తులు కేటాయించిరి.

బ్రిటిషు సైన్యమునందును స్థితి యిట్టిదే. అచ్చట కమిసరియేటు, అనగా సరఫరాశాఖ, 1854 వరకు యుద్ధశాఖ క్రింద గాక ఖజానాశాఖ క్రింద నుండెను. క్రిమియా యుద్ధమున సైనికులు ఆకలిచేతను చలిచేతను మడియగా దానిని యుద్ధశాఖకు మార్చిరి. తరువాత ఇరువది యేండ్లలో దాని పేరును రూపును పలుమారులు మార్చిరి. 1869లో ఆర్మీ సర్వీసు కోర్ ఏర్పడినను అందు సిపాయిలే కాని యుద్యోగులు లేరు. ఉద్యోగులు వేఱొక శాఖవారు. 1875 తరువాత ఆ శాఖకు కమిసరియేటు ట్రాన్స్‌పోర్టు డిపార్టుమెంటు అని పేరు. ఆ యుద్యోగులను కెప్టెను, మేజరు అని పిలువరు. కమిసరీ, అసిస్టెంటు కమిసరీ అని పిలుతురు. వారి హోదా సైనిక హోదాతో సమానముగా లెక్కింపబడునది మాత్రమే. సైనిక హోదా కాదు. రెజిమెంటువారి దృష్టిలో వారు కొట్టువారు, లెక్కలవారు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనినగాని పతకముల కథ తెలియదు.

డాల్టను ఈ మెట్లన్నియు ఎక్కి వచ్చినవాడు. లండనులో పుట్టి, 1849లో 85వ పదాతి రెజిమెంటున సామాన్య సిపాయిగా చేరెను. 1862లో కమిసరియేటు కొలువునకు మాఱి అచ్చట సార్జెంటు అయ్యెను. 1870లో సర్ గార్నెట్ ఉల్స్‌లీ కెనడాలో నడపిన రెడ్ రివర్ దండయాత్రలో పాల్గొనెను. 1871లో దీర్ఘసేవా సత్ప్రవర్తన పతకముతో విరమించెను. పిమ్మట దక్షిణాఫ్రికాకు వచ్చి, కేప్ సరిహద్దు యుద్ధమున తాత్కాలికోద్యోగిగా మరల కొలువున ప్రవేశించెను. 1879 నాటికి అతని వయస్సు సుమారు 46 ఏండ్లు. పదవి 'తాత్కాలిక అసిస్టెంటు కమిసరీ'. ఈ 'తాత్కాలిక' పదము సామాన్యమైనది కాదు: పని తీరినపిదప ఇంటికి పంపదగిన మనిషి యని దాని యర్థము.

యుద్ధకారణములను ఇచ్చట విస్తరింపము. బొంబాయి గవర్నరుగా (1862-67) మనవారికి పరిచితుడైన సర్ బార్టిల్ ఫ్రియరు దక్షిణాఫ్రికాలో హైకమిషనరై, 1878 డిసెంబరు 11వ తేదీన జూలూ రాజగు సెట్షువాయోకు తీర్పరాని షరతులతో తాఖీదు పంపెను. గడువు తీరినంతనే 1879 జనవరి 11న లార్డు చెమ్స్‌ఫర్డు సేన బఫెలో నదిని దాటి జూలూ దేశమున ప్రవేశించెను. నదికి ఈవలి నేటాలు దేశము మనకు కొత్తది కాదు. 1860 నవంబరులో ట్రూరో అను ఓడ మదరాసునుండి మొదటి కూలీలను దింపినది అచ్చటి రేవుననే; వారిలో తెలుగువారును కలరు.

నది దాటు రేవుకడ జేమ్స్ రోర్కు అను వర్తకుడు కట్టిన రెండు కట్టడములుండెను. అతని మరణానంతరము వానిని స్వీడను మిషనరీ యొకడు కొనెను. సైన్యము వచ్చి, ఇంటిని ఆసుపత్రిగను, రెండవదానిని గిడ్డంగిగను మార్చెను. రెంటికి నడుమ సుమారు 40 గజముల బయలు. వెనుక షియానె కొండ. గిడ్డంగిలోను దాని ముందఱను మొక్కజొన్న బస్తాలు, బిస్కత్తు పెట్టెలు గుట్టలుగా నుండెను. బస్తా 200 పౌనుల బరువు. పెట్టె సుమారు 100 పౌనులు. ముందునకు పోయిన సేనకు పంపవలసిన తిండి యిది. దీనికి కావలిగా 24వ రెజిమెంటులోని ఒక కంపెనీ. దాని నాయకుడు లెఫ్టినెంటు బ్రోమ్‌హెడ్డు. స్థలమునకు ఆనాటి యధికారి ఇంజనీర్ల లెఫ్టినెంటు ఛార్డు. రోగులతో గలిసి సుమారు 150 మంది. వీరు గాక నేటాలు దేశీయదళమొకటి.

జనవరి 22న ఇసాండ్ల్వానా కొండక్రింద చెమ్స్‌ఫర్డు విడిదిపై జూలూ సేన పడి 1,300 మందికి పైగా చంపెను. ఆ వార్త మధ్యాహ్నము తరువాత రేవునకు చేరునప్పటికి ఛార్డు నదియొద్ద పడవల పనిలో నుండెను. అతడు తిరిగి వచ్చి చూడగా గోడ పని యప్పుడే మొదలైయున్నది. జనవరి 25వ తేది గల తన నివేదికలో ఛార్డే ఈ మాట వ్రాసెను. బ్రోమ్‌హెడ్డుతోను డాల్టనుతోను త్వరగా ఆలోచించి అప్పటికే జరిగిన యేర్పాటులను అంగీకరించితినని చెప్పుకొనెను.

ఆ యేర్పాటు ఎవరిది? డాల్టను క్రింద గాక అతనికి పై స్థానమున నున్న అసిస్టెంటు కమిసరీ వాల్టరు డన్, తరువాత వ్రాసిన జ్ఞాపకములలో దీనికి సమాధాన మిచ్చినాడు. వార్త వినగానే ఇక నిలిచి కాచుకొనవలసినదే యని డాల్టను పలికెననియు, ధాన్యపు బస్తాలతోను బిస్కత్తు పెట్టెలతోను గోడ పెట్టుట అతని సూచనయే యనియు డన్ సాక్ష్యము. ఎద్దుబండ్లలో రోగులను వేసికొని బయలున పోయినచో జూలూలు దారిలోనే పట్టుకొందురను తర్కమును గూడ చరిత్రకారులు డాల్టనునకే చెప్పుదురు. ఈ సాక్ష్యమును మేము గట్టిదిగా నెన్నుచున్నాము. డన్ తన క్రింది యుద్యోగికి కీర్తి నిచ్చి తనకు తగ్గించుకొనుచున్నాడు. అట్టి సాక్షి సామాన్యముగ కల్పన చేయడు.

బండి యెద్దు దినమునకు ఎంత దూరము నడచునో, బరువుతో ఎక్కడ ఆగునో, గిడ్డంగిలో బస్తాలెన్ని కలవో, ఒక బస్తాను ఎత్తుటకు ఎందఱు కావలెనో కమిసరియేటు మనిషికి వ్రేళ్ల మీది లెక్క. కత్తి పట్టిన వానికి ఈ లెక్క రాదు. పలాయనము వద్దన్న యాలోచన ధైర్యమునుండి మాత్రమే పుట్టినది కాదు. అది గిడ్డంగి పుస్తకమునుండియు పుట్టినది.

గోడ ఆసుపత్రినుండి గిడ్డంగివరకు సాగెను. రెండు బండ్లను గూడ అందు గలిపిరి. సాయంకాలము నాలుగున్నర ప్రాంతమున శత్రువు కానవచ్చునప్పటికి దేశీయదళము తన నాయకునితో గూడ పాఱిపోయెను. కాచువారు సగమునకు తగ్గిరి. గోడ వారికి మిక్కిలి పొడవైనది. అప్పుడు ఛార్డు బిస్కత్తు పెట్టెలతో నడుమ అడ్డగోడ నొకటి పెట్టించెను. ఆసుపత్రి అంటుకొని పోయినపుడు మిగిలినవారు ఆ గోడ వెనుకకే వచ్చి బ్రదికిరి.

వచ్చిన జూలూలు 3,000 మొదలు 4,000 వఱకు నుందురు. రాజసోదరుడగు దబులమంజి వారికి నాయకుడు. మొదటి తాకుడు ఆసుపత్రి మూలపై పడెను. డాల్టను అచ్చట తుపాకితో నిలిచి కాల్చెను. ఆసుపత్రి కోరువా డొకని తుపాకి గొట్టమును పట్టుకొని పొడువబోవుచున్న యోధుని కాల్చి వానిని కాపాడెను. కొంతసేపటికి డాల్టనుకు గుండు తగిలెను. ఛార్డు విక్టోరియా రాణికి వ్రాసిన విపులమైన లేఖలో ఆ క్షణమును తెలిపినాడు. డాల్టను తన తుపాకిని ఛార్డు చేతికిచ్చి, జేబులోని తూటాలను అతడు తీసికొనువఱకు నెమ్మదిగా వేచియుండెనట. గాయమెంత పెద్దదో ఛార్డునకు తరువాతగాని తెలియలేదట. మిగిలిన సరకును అప్పగించి పోవు గిడ్డంగివాని తీరు ఇందును కానవచ్చును.

ఇంచుమించు ఆ వేళలలోనే బైర్ను అను తాత్కాలిక స్టోర్‌కీపరు, గాయపడిన దేశీయదళపువా నొకనికి నీళ్లిచ్చి, తలకు గుండు తగిలి అక్కడికక్కడే మరణించెను. రెండవ కార్పొరలు ఆట్‌వుడ్డు, ఆర్మీ సర్వీసు కోర్ సిపాయి, గిడ్డంగి కిటికీనుండి కాల్చుచు దానిని నిలిపెను. చీకటి పడుచుండగా డన్ మఱియొక పని చేసెను. గిడ్డంగి ముందఱ మిగిలిన రెండు పెద్ద బస్తాగుట్టలను గలిపి గుండ్రని బురుజుగా పేర్పించెను. ఎత్తైన మనిషి, గుట్టపై నిలిచి చేయవలసిన పని, ఎదుటినుండి గుండ్లు వచ్చుచుండెను. ఛార్డు ఈ సాహసమును గుర్తించి వ్రాసెను. గాయపడినవారిని ఆ బురుజులోనికి చేర్చిరి. తెల్లవారుజామున నాలుగు గంటలకు పోరు సన్నగిల్లెను. కాచినవారిలో 17 మంది చనిపోయిరి.

ఇక పతకముల విషయము. విక్టోరియా క్రాస్‌ను 1856 జనవరి 29వ తేది శాసనపత్రముచే స్థాపించిరి. హోదా గాని దీర్ఘసేవ గాని గాయములు గాని దీనికి హక్కు కలిగింపవనియు, శత్రుసమక్షమున చూపిన ప్రస్ఫుటమైన శౌర్య మొక్కటియే ప్రమాణమనియు దానియందు స్పష్టముగా నున్నది. వ్రాత యిది, వాడుక వేఱు. భారతీయ సిపాయిలకు 1911 వఱకు ఆ క్రాస్ వర్తింపలేదు. వారికి 1837లో కంపెనీ స్థాపించిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ వేఱుగా నుండెను. యుద్ధమున మరణించినవారికిని ఆ కాలమున క్రాస్ ఇచ్చు ఆచారము లేదు. మన రాయలసీమ గ్రామములందు వీరగల్లు చచ్చినవానికే నిలుచును, బ్రదికినవానికి నిలువదు. అచ్చట దీనికి సరిగా విపర్యయము. కాబట్టి బైర్ను విషయము మొదటనే ముగిసినది.

రోర్క్స్ డ్రిఫ్ట్‌నకు మొత్తము 11 క్రాస్‌లు లభించినవి. వానిలో 7 ఒక్క 24వ రెజిమెంటునకు. ఛార్డు, బ్రోమ్‌హెడ్డు, ఆ రెజిమెంటు సిపాయిలు కొందఱు 1879 మే నెలలో ప్రకటింపబడిరి. వైద్యుడగు రెనాల్డ్సు పేరు జూనులో వచ్చెను. డాల్టను పేరు నవంబరులో గాని రాలేదు. ఆట్‌వుడ్డునకు దాని క్రింది మెట్టుదైన విశిష్ట ప్రవర్తన పతక మిచ్చిరి. డన్‌కు ఏదియు రాలేదు.

డాల్టను ప్రశస్తిలోని వాక్యములను ఛార్డు నివేదికతో సరిపోల్చి చూచిన వింతయగు విషయము బయటపడును. రక్షణపు పనులను చురుకుగా నడిపించెననుట, రక్షణములో అధికభాగము అతని పూనికవలననే యనుట — ఈ రెండు మాటలును ఛార్డు జనవరి 25న వ్రాసినవే. గెజెటువారు దాదాపు అట్లే యెత్తికొనిరి. అనగా ఈ యర్హత పది నెలల క్రిందటనే పై యధికారుల యెదుట నుండెను. ఆలస్యమునకు కారణము సాక్ష్యలోపము కాదు. నివేదికలో లేక ప్రశస్తిలో చేరినవి ఆసుపత్రి మూల కాల్పులు, ఒకని ప్రాణము కాపాడుట, గాయపడియు చలింపకుండుట. డాల్టను క్రాస్‌నకు తగునని ఒప్పించుటకు అతడు తుపాకి పట్టెనని చూపవలసి వచ్చినదని మా యూహ.

ఈ యూహకు బలమిచ్చునది డన్ విషయము. సరఫరాశాఖవారు డాల్టనుతోపాటు డన్‌కును క్రాస్ కోరిరి. సర్వసేనాధిపతియగు కేంబ్రిడ్జి డ్యూకు దానిపై వ్రాసిన యభిప్రాయము తెలియవచ్చినది: క్రాస్‌లను మిక్కిలి ధారాళముగ ఇచ్చుచున్నామనియు, అయినను అదే పోరాటమున పొందిన యితరుల కెంత హక్కు కలదో డాల్టనుకును అంత కలదనియు, డన్ విషయమున మాత్రము ఆధారము చాలదనియు దాని సారాంశము. ఇరువురును ఒకే శాఖవారు, ఒకే రాత్రి పోరినవారు, ఒకేసారి సిఫారసు పొందినవారు. ఒకడు గోడ కట్టించి కాల్చెను. రెండవవాడు గుండ్లనడుమ గోడ కట్టెను. మొదటివానికి క్రాస్, రెండవవానికి లేదు. శత్రుసమక్షమున ప్రాణమునకు తెగించుటయే ప్రమాణమైనచో బురుజుపై నిలిచినవాడు మూలలో నిలిచినవానికంటె తక్కువవాడెట్లగునో మాకు బోధపడుట లేదు.

మా వాదమునకు ఎదురు చెప్పదగినదియు ఒకటి కలదు. లెఫ్టినెంటు స్మిత్-డోరియను 95వ రెజిమెంటువాడు; ఆ యుద్ధమున రవాణా పని చూచుచు ఇసాండ్ల్వానానుండి తప్పించుకొని వచ్చినవాడు. దారిలో ఇతరులను కాపాడబూనిన కారణమున అతనికి క్రాస్ సిఫారసు చేసిరట. సరియైన మార్గమున పోలేదని అది రాలేదట. అతడు రెజిమెంటువాడే గదా, శాఖాభేదమే కారణమందురేల యని యడుగవచ్చును. పద్ధతిలోపమువలన పోయినవి అనేకములు కలవని మేమును ఒప్పుకొందుము. కాని డన్ విషయమున పద్ధతి తప్పలేదు. సిఫారసు చేరవలసిన చోటికి చేరి, అచ్చటనే నిరాకరింపబడినది. ఆ స్మిత్-డోరియనే తన స్వీయచరిత్రలో వ్రాసిన సంగతి యొకటి కలదు: ఇసాండ్ల్వానాలో తాను తూటాపెట్టెలను తెరువబోగా అవి తమ బెటాలియనువని ఒక క్వార్టర్‌మాస్టరు వారించెనట. తూటాలు అందకపోవుటయే ఓటమికి హేతువన్న పాత మాటను నేటి పరిశోధకులు అంతగా నమ్మరు. అయినను ఒకే దినమున రెండు చోట్ల సామానుపట్ల రెండు దృష్టులు కానవచ్చుట గమనింపదగినది.

దక్షిణాఫ్రికాలో తరువాత సేనాధిపతియై వచ్చిన ఉల్స్‌లీ, ఒకనాటి డాల్టను నాయకుడు, తన దినచర్యలో రోర్క్స్ డ్రిఫ్ట్‌వారిని వీరులనుటకు ఇష్టపడలేదు. కట్టడములలో చిక్కి పాఱిపోలేక ప్రాణములకై పోరినవారని యతని యాక్షేపము. పాఱిపోవుటకు వీలుండెను, పాఱిపోరాదని నిర్ణయించిరి, ఆ నిర్ణయమున డాల్టను పాత్ర పెద్దది. ఉల్స్‌లీ మాట ఇచ్చట పొసగదు.

జూలూల పక్షమును చెప్పక ఈ ప్రకరణమును విడుచుట న్యాయము కాదు. వారు దూరము నడచి, తగిన తిండి లేక వచ్చినవారు. వారిని ఆపినది తిండి బస్తాల గోడ. సరిహద్దు దాటి నేటాలులో ప్రవేశింపవలదను రాజాజ్ఞను దబులమంజి మీఱి వచ్చెను. యుద్ధమున శౌర్యము చూపిన జూలూ యోధుడు 'ఇజీఖు' అను కొయ్యపూసల దండను మెడలో ధరించును. ఆ రాత్రి గోడవఱకు వచ్చి బస్తాలపై చేతులు వేసినవారి శౌర్యమును ఛార్డును దాచలేదు. ఏ గెజెటును చెప్పని దొకటి కలదు: మఱునాడు రణభూమిని పడియున్న గాయపడిన జూలూలలో పెక్కండ్రను చంపివేసిరి. 350కి పైగా శవములను పూడ్చిరని నాటి లెక్క. నిజమైన సంఖ్య అంతకెక్కువ యని నేటి చరిత్రకారులు తలంతురు.

డాల్టను తన క్రాస్‌ను 1880 జనవరిలో పీటర్‌మారిట్స్‌బర్గులోని ఫోర్టు నేపియరున సైనిక కవాతునడుమ సర్ హ్యూ క్లిఫర్డు చేతినుండి గ్రహించెను. అతనికి స్థిరోద్యోగమును ఇచ్చిరి. కాని త్వరలోనే సగము జీతముపై నిలిపిరి. అతడు మరల దక్షిణాఫ్రికాకే వచ్చి, బార్బర్టను బంగారుగనులలో వాటాలు కొని, 1887 జనవరి 7న పోర్టు ఎలిజబెత్తులో నొక హోటలున హఠాత్తుగా మరణించెను. 1964లో వచ్చిన 'జూలూ' అను చలనచిత్రమున ఇతనిని సుకుమారుడగు లెక్కలవానిగా చిత్రించిరి. ఇరువది రెండేండ్లు సిపాయిగను సార్జెంటుగను పనిచేసి వచ్చిన గడ్డపువాడు అట్లు మాఱిపోవుటకు చలనచిత్రమువారిని మాత్రమే నిందింప బనిలేదు. గిడ్డంగివాడన నట్లే యుండునని ప్రేక్షకులును నమ్మిరి.

డన్ కొలువున కొనసాగి, 1880-81లో పోచెఫ్‌స్ట్రూము ముట్టడిలోను, 1882లో ఈజిప్టున తెల్-ఎల్-కెబీరులోను పనిచేసి, కాలక్రమమున కర్నలు అయ్యెను. 1888లో సర్ రెడ్వర్సు బుల్లరు సంస్కరణమువలన సరఫరా యుద్యోగులును సిపాయిలును ఒకే ఆర్మీ సర్వీసు కోర్‌గా నేర్పడిరి. ఉద్యోగులకు కెప్టెను, మేజరు అను సైనిక హోదాలు వచ్చినవి. డాల్టను క్రాస్ నేడు ఆ కోర్ వారసత్వము పొందిన రాయల్ లాజిస్టిక్ కోర్ మ్యూజియమున నున్నది. ఏ పతకమును లేని బైర్ను పేరు రోర్క్స్ డ్రిఫ్ట్ శ్మశానమున, షియానె కొండ క్రింద, 24వ రెజిమెంటు మృతుల పేళ్లతోపాటు స్మారకశిలపై చెక్కబడి యున్నది.